వీస్వా కొండల్లో క్రిస్మస్

పెళ్లయిన నాటి నుండి ముప్పై మూడు క్రిస్మస్ పండుగలు మేమిద్దరం మా ఊరి గుడిలోనే జరుపుకున్నాము. గుంటూరు జిల్లాలో లూథరన్ సంఘం ఉన్న చిన్న పల్లె మాది. గోడలకు సున్నాలు, రంగు కాగితాల తోరణాలు, వెదురు బద్దలతో కట్టిన నక్షత్రం, చలిలో తెల్లవార్లూ ఇల్లిల్లూ తిరిగి పాడే పాటలు, ఇవి లేని క్రిస్మస్ ఎలా ఉంటుందో మేము ఎరుగము. అలాంటిది 2024 డిసెంబరులో, ప్రభువు కృపను బట్టి, మా అమ్మాయి బలవంతం మీద, పోలండ్ దేశానికి ప్రయాణమయ్యాము.

మా అమ్మాయి అక్కడ క్రాకొవ్ నగరంలో ఒక కంప్యూటర్ ఆఫీసులో పని చేస్తోంది. ఈ మధ్య మన తెలుగు పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ ఆ దేశానికి బాగానే వెళ్తున్నారు. "పండుగకు నాకు సెలవు చాలదమ్మా, మీరే రండి" అని టిక్కెట్లు పంపించింది. తీరా వెళ్లాక తెలిసింది, మా పండుగ క్రాకొవ్‌లో కాదని. ఆఫీసులో తనతో పని చేసే ఒక అమ్మాయి, "అంత దూరం నుండి వచ్చిన పెద్దవాళ్లు అద్దె గదిలో క్రిస్మస్ చేసుకోవడమేమిటి, మా ఊరు తీసుకురా" అన్నదట. మేమూ లూథరన్లమేనని తెలిసి ఆమె తల్లిదండ్రులు స్వయంగా ఫోను చేసి పిలిచారు. వారి మాట ఒక్కటీ మాకు అర్థం కాలేదు గాని, పిలుపు మాత్రం అర్థమయింది.

పోలండ్ అంటే కథోలికుల దేశం. అంత పెద్ద దేశంలో లూథరన్లు దాదాపు 60 వేల మంది మాత్రమే. వారిలో ఎక్కువమంది దక్షిణాన, చెక్ దేశపు సరిహద్దు దగ్గర, చెషిన్ అనే పట్టణం చుట్టూ ఉన్న కొండ ప్రాంతంలో ఉంటారు. ఆ కొండల్లోని ఊరే వీస్వా. దేశం మొత్తం మీద ప్రొటెస్టెంట్లు ఎక్కువగా ఉన్న పట్టణం ఇదొక్కటే అని అక్కడి వారు చెప్పుకుంటారు. ఆ దేశపు పెద్ద నది పేరు కూడా వీస్వాయే. ఇంగ్లీషు పుస్తకాల్లో దాన్ని విస్టులా అని రాస్తారు. ఆ ఊరి పైనున్న కొండ మీద పుట్టి, క్రాకొవ్, వార్సా నగరాలను తడుపుకుంటూ 1,047 కిలోమీటర్లు పారి బాల్టిక్ సముద్రంలో కలుస్తుంది. ఊళ్లో మేము చూసినప్పుడు మాత్రం రాళ్ల మధ్య గలగలమంటూ మా ఊరి పంట కాలువంతే ఉంది.

23వ తేదీన ఆ అమ్మాయి కారులో బయలుదేరాము. దారిలో బియెల్స్కో అనే ఊళ్లో ఒక నిమిషం ఆపి, 1900లో నిలబెట్టిన మార్టిన్ లూథరు గారి విగ్రహం చూపించింది. పోలండ్‌లో ఆయన విగ్రహం ఇదొక్కటేనట. చీకటి పడే వేళకు, అంటే మధ్యాహ్నం నాలుగు గంటలకే, వీస్వా చేరాము.

గుమ్మంలోనే చెప్పులు విప్పించి ఇంట్లో తొడుక్కునే మెత్తని జోళ్లు ఇచ్చారు. ఇదేదో మన పద్ధతే అనుకున్నాము. ఆ ఇంటి పెద్దాయన వడ్రంగం పని చేసి విశ్రాంతి తీసుకున్నవారు. ఆయననూ ఆయన భార్యనూ మేము మన అలవాటు కొద్దీ అన్నయ్యగారూ వదినగారూ అనే పిలిచాము. ఆ పిలుపుల అర్థం మా అమ్మాయి చెబితే ఇద్దరూ మురిసిపోయారు. వాళ్ల కొడుకు, కోడలు, ఏడేళ్ల మనుమడు ఉన్నారు. అందరికంటే పెద్ద, అన్నయ్యగారి తల్లి, ఎనభై నాలుగేళ్ల మనిషి. ఆ ప్రాంతంలో నాయనమ్మను 'స్టార్కా' అంటారు. మేమూ స్టార్కా అనే అన్నాము.

స్నానాల గదిలోకి వెళ్లిన మేము ఉలిక్కిపడి బయటికి వచ్చాము. తొట్టినిండా నీళ్లు, అందులో రెండు చేపలు తిరుగుతున్నాయి! మన చెరువుల్లో పెంచే బంగారు తీగ చేపే. క్రిస్మస్ ముందు రోజు రాత్రి భోజనంలో అది లేకపోతే ఆ దేశంలో పండుగే కాదట. ముందుగా కొని తెచ్చి తొట్టిలో ఉంచడం పాత అలవాటు. మనుమడు వాటికి పేర్లు కూడా పెట్టుకున్నాడు గనుక మరునాడు ఇంట్లో కొంత ఏడుపు తప్పలేదు.

రాత్రి వదినగారు రేకు డబ్బాలు వరసగా తెచ్చి బల్ల మీద పెట్టారు. చెషిన్ ప్రాంతపు ఇళ్లలో పండుగకు కొన్ని వారాల ముందు నుండే చిన్న చిన్న బిస్కెట్లు చేస్తారు. ఒక్కొక్కటి రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దదిగా ఉంటుంది. వాల్‌నట్ గింజలతో కొన్ని, కొబ్బరితో కొన్ని, మధ్యలో పండ్ల పాకం పెట్టినవి కొన్ని. ఆ ఇంట్లో పద్నాలుగు రకాలు లెక్కపెట్టాము. ఇరుగుపొరుగుకు పంచడానికి పొట్లాలు కట్టి ఉంచారు. మేము కూడా ఊరకే వెళ్లలేదు. ఊరి నుండి తెచ్చిన అరిసెల డబ్బా తీసి ఇచ్చాము.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ అరిసెలు రాళ్లు. అన్నయ్యగారు ఒకటి కొరకబోయి ఆగిపోయారు. స్టార్కా మాత్రం తొణకకుండా టీలో నానబెట్టుకొని, "ఎలా చేస్తారు ఇవి?" అని అడిగింది. బియ్యం నానబోసి దంచడం, బెల్లం పాకం పట్టడం, పాకం ముదిరితే గట్టిపడడం చెప్పాము. మాటల్లో మా అమ్మాయి నోరు జారింది. "మా పిన్ని పాకం చూస్తే నోట్లో వేసుకుంటే కరిగిపోయేవి స్టార్కా" అంది.

"మరి ఈసారి పిన్ని ఎందుకు చూడలేదు?" అని స్టార్కా అడిగింది.

మా అమ్మాయి మా ముఖాలు చూసింది. మేము బల్ల వంక చూశాము. పోలిష్ భాషలో అది ఏమి చెప్పిందో మాకు తెలియదు. చేతితో గాలిలో ఒక గోడ కట్టి చూపించడం మాత్రం కనిపించింది.

నిజమే. మా తమ్ముడి కుటుంబమూ మేమూ ఒకే ఇంటి రెండు వాటాల్లో ఉంటాము. 2018లో, నాన్నగారు పోయిన ఏడాదికి, కాలువ పక్కనున్న నలభై సెంట్ల చెక్క దగ్గర మాటా మాటా పెరిగింది. పెద్దమనుషులు వచ్చారు, పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. నడి వాకిట్లో గోడ లేచింది. బావి వాళ్ల వైపుకు, వేపచెట్టు మా వైపుకు వచ్చాయి. ఆ నాటి నుండి పండుగ పిండివంటలు వీధిలో అన్ని ఇళ్లకూ పంపాము గాని గోడ అవతలికి పంపలేదు. ఒకే గుడిలో కూర్చుంటాము, వాళ్లు కిటికీల వైపు, మేము తలుపు వైపు. ఆరేళ్లుగా సంస్కారపు బల్ల దగ్గరకు కూడా వాళ్లు వెళ్లి వచ్చాక మేము వెళ్లడం, లేదా మేము వచ్చాక వాళ్లు వెళ్లడం. ఇది సంఘంలో అందరికీ తెలుసు. ఎవరూ అడగడం మానేశారు. ఎక్కడో ఆరువేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఒక ముసలమ్మ అడిగింది.

అయితే ఆమె మాకు బోధ ఏమీ చేయలేదు. టీలో అరిసె ముక్క మెత్తబడే దాకా చూసి, "రేపు పొద్దున వీళ్లను రాతి దగ్గరకు తీసుకువెళ్లు" అని కొడుకుతో చెప్పి పడుకోవడానికి వెళ్లిపోయింది.

డిసెంబరు 24 ఆ ఏడాది ఇంకా పని దినమే. వాళ్ల అబ్బాయి మధ్యాహ్నం దాకా పనికి వెళ్లి వచ్చాడు. 2025 నుండి అక్కడి ప్రభుత్వం ఆ రోజును కూడా సెలవుగా చట్టం చేసింది. పొద్దున్నే అన్నయ్యగారు మమ్మల్ని కారులో పక్క ఊరైన ఉస్త్రోన్ మీదుగా రూవ్నిత్సా అనే కొండకు తీసుకువెళ్లారు. కొంత దూరం నడవాలి. మంచు మీద మా అడుగులు జారుతుంటే మోచేయి పట్టుకొని నడిపించారు. ఫర్ చెట్ల మధ్య ఒక రాయి చూపించి ఆయన టోపీ తీశారు.

ఆ కథ మా అమ్మాయి తెలుగులో చెప్పగా విన్నాము. లూథరు గారి బోధ ఈ ప్రాంతానికి 16వ శతాబ్దంలోనే వచ్చింది. ప్రజలు చాలామంది దాన్ని అంగీకరించారు. 1653లో ఇక్కడి రాజవంశం అంతరించి, ఆ సీమ హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల చేతికి వచ్చింది. మరుసటి ఏడు, 1654లో, లూథరన్ల గుడులన్నీ తీసేసుకున్నారు. బోధకులను వెళ్లగొట్టారు. అప్పటి నుండి పల్లె జనం రాత్రివేళ అడవుల్లో, కొండల్లో ఇలాంటి రాళ్ల దగ్గర కూడుకునేవారు. రాయే వారికి ప్రభువు బల్ల. సరిహద్దు కొండలు దాటి ఇప్పటి స్లొవేకియా వైపు నుండి బోధకులు దొంగచాటుగా వచ్చి వాక్యం చెప్పి, పిల్లలకు బాప్తిస్మమిచ్చి, తెల్లవారే లోపల వెళ్లిపోయేవారు. బోధకుడు రాని వారాల్లో ఇంటి పెద్దే బైబిలు, ప్రసంగాల పుస్తకం చదివి వినిపించేవాడు. ఆ పుస్తకాలు దొరికితే శిక్ష గనుక వాటిని దాచిపెట్టుకునేవారు. ఇలా ఒక సంవత్సరం కాదు, రెండు కాదు, 55 సంవత్సరాలు. 1709లో చక్రవర్తి ఒక్క గుడి కట్టుకోవడానికి సెలవిచ్చాడు, అదీ స్వీడన్ రాజు పట్టుబట్టడం వల్ల. చెషిన్ పట్టణం గోడల వెలుపల ఆ గుడి కట్టారు. దానికి యేసు గుడి అని పేరు.

మేము చలికి వణుకుతూనే అక్కడ చాలాసేపు నిలబడ్డాము. మన గుంటూరుకు ఫాదర్ హయ్యర్ గారు 1842 జూలై 31న వచ్చారని చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠస్థం చేయించారు. అప్పటికే ఈ జనం రెండు వందల ఏళ్ల కష్టం మోసి ఉన్నారు. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. లూథరు గారు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం మేము తెలుగులో వల్లించాము, స్టార్కా పోలిష్‌లో వల్లించింది. ముందు రోజు రాత్రి పది ఆజ్ఞలు వరసగా వేళ్ల మీద లెక్కపెట్టుకొని చూసుకున్నాము. లెక్క సరిపోయింది.

తిరిగి వస్తుంటే అన్నయ్యగారు అన్నారు: "మా అమ్మ ఈ కథ వింటూ పెరిగింది. అందుకే మా కోడలు ఇంటికి వచ్చినప్పుడు మాకు భయం వేసింది."

కోడలు కథోలికుల ఇంటి పిల్ల. పెళ్లయిన మొదటి క్రిస్మస్‌కు ఆమె పుట్టింటి నుండి ఒక కవరు తెచ్చింది. అందులో 'ఒప్వాటెక్' అనే పల్చని అప్పం ఉంది. పిండీ నీళ్లూ తప్ప మరేమీ లేని రేకు అది. మన ఆత్రేయపురం పూతరేకంత పలచన, తెలుపు, దాని మీద పశువుల తొట్టి, మరియ, యోసేపు అచ్చు వేసి ఉంటారు. సంస్కారపు రొట్టె కాదిది. ఎవరూ అలా అనుకోరు కూడా. ఇంట్లో ప్రతి మనిషీ చేతిలో ఒకటి పట్టుకొని, ఎదుటివారి దానిలో చిన్న ముక్క విరిచి తిని, తమ దానిలో ముక్క విరవనిచ్చి, వారికి మేలు కోరి, ఏడాదిలో జరిగిన తప్పుకు క్షమాపణ అడగాలి. ఇద్దరిద్దరుగా అందరూ అందరితో. అది అయ్యాకే కూర్చొని తినడం. పోలండ్ అంతటా ఉన్న ఆచారం ఇది. మొదటి ఏడు ఆ పిల్ల అప్పం చాపితే స్టార్కా తీసుకోలేదు. చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చుంది. ఆ పిల్ల ఏమీ అనలేదు, మిగిలిన వారితో విరుచుకుంది. రెండో ఏడూ చాపింది. స్టార్కా తీసుకోలేదు. మూడో ఏడు, కోడలు చాపే లోపలే స్టార్కా లేచి ఆమె దగ్గరకు వెళ్లిందట.

"ఏమందట?" అని అడిగాము.

"ఎవరికీ వినిపించలేదు" అన్నారు అన్నయ్యగారు. "అడిగితే ఇద్దరూ చెప్పరు."

మధ్యాహ్నం మూడున్నర దాటగానే మనుమడు కిటికీకి అతుక్కుపోయాడు. ఆకాశంలో మొదటి నక్షత్రం కనిపించిన తరువాతే ఆ రాత్రి భోజనానికి కూర్చుంటారు. ఆ రోజేమో మబ్బు. పిల్లవాడు బయటికి పరుగెత్తి, రెండు నిమిషాల్లో తిరిగి వచ్చి "చూశాను!" అన్నాడు. ఆకలి మీదున్నవాడి మాట ఎవరూ కాదనలేదు.

తెల్లని బల్లగుడ్డ కింద గుప్పెడు ఎండుగడ్డి పరిచారు, ప్రభువు పశువుల తొట్టిలో పుట్టాడు గనుక. మా ఊరి గుడిలో పాక కట్టి వరిగడ్డి పరుస్తాము కదా, ఆ వాసన గుర్తుకు వచ్చి గొంతు పట్టేసింది. ఇంట్లో ఉన్నవారు తొమ్మిదిమంది. మేము ముగ్గురము, స్టార్కా, అన్నయ్యగారు, వదినగారు, కొడుకు, కోడలు, పిల్లవాడు. మమ్మల్ని పిలిచిన అమ్మాయి వంటింట్లో ఉంది, ఆమెతో పది. కంచాలు మాత్రం పదకొండు పెట్టారు. లెక్క తప్పారేమో అనుకొని అడిగితే, అది అనుకోకుండా వచ్చేవారి కోసం అన్నారు. ఆ రాత్రి ఎవరు తలుపు తట్టినా కాదనకూడదు. ఆ ఏడు రాలేకపోయినవారి కోసం కూడా అని కొందరంటారు. కుర్చీ కూడా వేశారు.

వదినగారు దీపాలు వెలిగించారు. అన్నయ్యగారు పాత బైబిలు తీసి లూకా సువార్త రెండో అధ్యాయం చదివారు. పోలిష్ ప్రొటెస్టెంట్ల బైబిలు గ్దాన్‌స్క్ నగరంలో 1632లో మొదట అచ్చయింది. తరతరాలు వీళ్లు దాచుకున్నది ఆ అనువాదాన్నే. తరువాత మమ్మల్ని చదవమన్నారు. మన తెలుగు బైబిలు తెరిచి అదే అధ్యాయం చదివాము. బేత్లెహేము, దావీదు, యోసేపు అనే పేర్లు వచ్చినప్పుడల్లా పిల్లవాడు కళ్లు పెద్దవి చేసి తల ఊపాడు.

తరువాత కోడలు అప్పాల కవరు తెచ్చి తలా ఒకటి ఇచ్చింది. ముందుగా స్టార్కా దగ్గరకే వెళ్లింది. ఇద్దరూ ఒకరిదొకరు విరుచుకొని, ఒకరి చెవిలో ఒకరు ఏదో చెప్పుకున్నారు. గదిలో అందరూ లేచి తిరుగుతున్నారు. తండ్రి కొడుకు దగ్గరకు, అన్న చెల్లెలి దగ్గరకు. మేము మొదట బిడియపడి నిలబడిపోయాము. ముప్పై మూడేళ్ల కాపురంలో క్షమించమని నోటితో అడుగుకున్నది మాకు గుర్తు లేదు. మన ఇళ్లలో అలా అడగము. కోపం వస్తే రెండు రోజులు మాటలుండవు, మూడో రోజు కూర బాగుందంటే సరి. ఆ రాత్రి మాత్రం ఆ రేకు ముక్క పట్టుకొని ఒకరినొకరు అడుగుకున్నాము. ఏమని అడిగామో ఇక్కడ రాయము, స్టార్కా చెప్పలేదు కదా. మా అమ్మాయి వచ్చి మా ఇద్దరి మెడలూ కౌగిలించుకుంది.

చివరగా స్టార్కా మా దగ్గరకు వచ్చింది. ముక్క విరిచి తిని, తన చేతిలో మిగిలినది మా చేతిలో పెట్టి, బల్ల దగ్గరి ఖాళీ కంచం వైపు చూపించి రెండు మాటలు అంది. మా అమ్మాయి తర్జుమా చేయడానికి కాస్త తడబడింది. "పిన్ని వాళ్లకు పెట్టమంటోంది" అంది.

భోజనం గురించి రాయకపోతే మన ఆడపడుచులు ఒప్పుకోరు. మొదట తేనె రాసుకొని అప్పం తిన్నాము. తరువాత పుట్టగొడుగుల చారు, పుల్లని క్యాబేజీ, ఉడకబెట్టిన బఠానీ, బంగాళాదుంప ముక్కలతో చల్లని కూర, నేతిలో వేయించిన చేప, ఎండబెట్టిన పండ్లు ఉడికించిన తియ్యని నీళ్లు. కారం అనే మాట లేదు. మేము తెచ్చుకున్న గోంగూర పచ్చడి సీసా అన్నయ్యగారి ముందు పెడితే ఆయన ధైర్యంగా ఒక చెంచా తిని, చాలాసేపు మాట్లాడలేదు. చేప పొలుసు ఒకటి కడిగి డబ్బుల సంచిలో దాచుకుంటే ఏడాదంతా లోటుండదని వదినగారు మాకూ ఒకటి ఇచ్చారు. ఆపిల్ పండును అడ్డంగా కోసి, గింజలు నక్షత్రంలా కనిపిస్తే ఇంటిల్లిపాదీ ఆరోగ్యంగా ఉంటారట. శకునాలు మన సంఘాల్లో ఒప్పుకోరు కదా, వాళ్ల పాస్టరు గారు ఒప్పుకుంటారా అని అడిగాము. "ఆయనా కోస్తాడు, నవ్వుతూ కోస్తాడు" అన్నారు. నక్షత్రం చక్కగానే వచ్చింది. ఆ రాత్రి ఎవరూ తలుపు తట్టలేదు. పదకొండో కంచంలో మేము పెట్టిన అప్పం ముక్క మాత్రం ఉంది.

ఏడు గంటలయింది. మన దేశంలో అప్పుడు రాత్రి పదకొండున్నర. ఊళ్లో అందరూ గుడికి చేరే వేళ. మా ఫోనులో తమ్ముడి నంబరు లేదు, ఎప్పుడో తీసేశాము. మా అమ్మాయి ఏమీ అనకుండా తన ఫోను తీసి మీట నొక్కి మా చేతికిచ్చింది. దాని దగ్గర నంబరు ఉందని, ఆరేళ్లుగా మాట్లాడుతూనే ఉందని మాకు అప్పుడు తెలిసింది.

అవతల డోలక్ మోత, పిల్లల కేకలు. "చెప్పమ్మా" అన్నాడు, మా అమ్మాయే అనుకొని.

"మేమురా తమ్ముడూ" అన్నాము.

డోలక్ మోత ఒక్కటే వినిపించింది. తరువాత, "అక్కడ చలి ఎక్కువా?" అన్నాడు. ఎక్కువే అన్నాము. అనుకున్నవి చాలా ఉన్నాయి, నోటికి వచ్చింది కొంచెమే. నలభై సెంట్ల కోసం నాన్న వాకిట్లో గోడ కట్టడం మా తప్పు కూడానని చెప్పాము. అతను ఏమీ అనలేదు. "గంట కొడుతున్నారు, వెళ్లాలి" అని పెట్టేశాడు.

అర్ధరాత్రి కొడుకూ కోడలూ కథోలిక గుడికి వెళ్లి వచ్చారు. తెల్లవారుజామున చీకటితోనే మళ్లీ అందరమూ లేచి చెషిన్‌లోని యేసు గుడికి బయలుదేరాము. క్రిస్మస్ నాడు పొద్దు పొడవక ముందే ఆరాధన చేయడం ఆ ప్రాంతపు లూథరన్లకు పాత అలవాటు. పోలండ్‌లో అతి పెద్ద లూథరన్ ఆలయం అదే. లోపల మూడు అంతస్తుల మేడవసారాలు. 55 ఏళ్లు అడవుల్లో తిరిగిన జనం ఒక్క గుడికే సెలవు దొరికితే దాన్ని ఎంత పెద్దగా కడతారో అంత పెద్దగా కట్టుకున్నారు. రాత్రి మేలుకొని కూడా కోడలు మాతో వచ్చింది. మంచు మెట్ల మీద స్టార్కా ఆమె చేయి పట్టుకొనే ఎక్కింది. 'సైలెంట్ నైట్' రాగం ఆర్గన్ మీద మొదలుకాగానే మేము తెలుగులో అందుకున్నాము. ముందు వరసలోని వారు వెనుదిరిగి చూసి, చిరునవ్వుతో తమ భాషలో పాడుకున్నారు.

ఆ రోజంతా ఫోను చూసుకుంటూనే ఉన్నాము. రాలేదు. 26న కూడా అక్కడ పండుగ సెలవే. ఆ మధ్యాహ్నం మేము సామాను సర్దుకుంటుంటే మోగింది. తమ్ముడు కాదు, మరదలు. ఆరేళ్ల తరువాత ఆమె అడిగిన మొదటి మాట, "అరిసెలు ఎలా కుదిరాయి?" అని.

"రాళ్లు" అన్నాము.

"నాకు తెలుసు" అని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే గొంతు మారింది. ఇటు మా సంగతీ అంతే.

సెలవు తీసుకునేటప్పుడు స్టార్కా ఒక కవరు ఇచ్చింది. అందులో నాలుగు అప్పాలు. పెట్టెలో బట్టల మధ్య ఎంత జాగ్రత్తగా పెట్టినా, క్రాకొవ్ నుండి హైదరాబాదు, అక్కడి నుండి బస్సులో గుంటూరు చేరేసరికి నాలుగూ ముక్కలైపోయాయి. జనవరి మొదటి వారంలో ఒక సాయంత్రం ఆ కవరు పట్టుకొని బయలుదేరాము. గోడకు ద్వారం లేదు గనుక వీధిలోకి వెళ్లి చుట్టూ తిరిగి వాళ్ల గుమ్మం ఎక్కాలి. ఇరవై అడుగుల ఇంటికి అంత దారి. తమ్ముడు మంచం వాల్చాడు. మేము కవరు విప్పి, విరిగిపోయాయని చిన్నబుచ్చుకుంటుంటే, "ఎలాగూ విరుచుకోవలసిందే కదా" అంది మరదలు.

ఎలా చేయాలో చెప్పాము. నలుగురమూ నిలబడి ముక్కలు మార్చుకున్నాము. తమ్ముడు నోట్లో వేసుకొని కాసేపు నమిలి, "ఉప్పూ లేదు, తీపీ లేదు, ఇదేమి అప్పం వదినా" అన్నాడు. అక్కడ తేనెతో తింటారని చెప్పాము. తేనె మన ఇళ్లలో ఎక్కడిది? మరదలు బెల్లం గడ్డ కోసం లోపలికి వెళ్లింది.